కూసిన మీటరు, మాడిన బల్బులు: ఒక 1999 స్ప్లెండర్ వైరింగ్ కేసు

2024 మే నెల. చెన్నై సైదాపేటలో నా మెకానిక్ షెడ్డు ముందు ఒక పెద్దాయన నల్ల స్ప్లెండర్ తోసుకుంటూ వచ్చి ఆగారు. నేను ఫోనులో మా అమ్మతో మాట్లాడుతుంటే విన్నట్టున్నారు. ఫోను పెట్టేదాకా ఆగి, "నెల్లూరు పక్కోళ్ళా నాయనా?" అన్నారు. నాయుడుపేట అన్నాను. ఆయనది వెంకటగిరి. లెక్కల అయ్యవారుగా చేసి రిటైరై, వేళచ్చేరిలో కూతురింట్లో ఉంటున్నారు.

బండి హ్యాండిలుకి ఒక గుడ్డ సంచి వేలాడుతోంది. అందులో రెండు సీడీఐలు (స్పార్కు ఎప్పుడు కొట్టాలో చూసుకునే ఎలక్ట్రానిక్ డబ్బాలు), ఒక హెచ్‌టీ కాయిలు (ప్లగ్గుకి ఎక్కువ వోల్టేజి పంపేది), మూడు ప్లగ్గులు, నాలుగు మాడిన హెడ్‌లైట్ బల్బులు. ఆయన నోరు తెరవకముందే సగం కథ ఆ సంచిలో కనిపించింది. ఎవరో పరీక్ష పెట్టకుండా సామాను మార్చుకుంటూ పోయారు.

బండి 1999 మోడల్, 97 సీసీ, హీరో హోండా కలిసి ఉన్న రోజులది. మొదటి నుంచీ ఆయన చేతిలోనే ఉంది. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుఫాను వానకి వేళచ్చేరి మునిగినప్పుడు అపార్టుమెంటు కింద పార్కింగులో రెండు రోజులు సీటు దాకా నీళ్ళలో నిలబడింది. నీళ్ళు తీశాక ఇంటి దగ్గరి మెకానిక్కు ఇంజను ఆయిలు మార్చి, కార్బురేటరు కడిగి, ట్యాంకు ఆరబెట్టి ఇచ్చాడు. ఆ పని బాగానే చేశాడు, ఇంజను శబ్దమే చెబుతోంది. వైరింగుకి మాత్రం పైన కొత్త టేపు గట్టిగా చుట్టి వదిలేశాడు.

అయ్యవారు చెప్పిన బాధలు మూడు. ఒకటి, యూ టర్ను తిప్పేటప్పుడు బండి టక్కున ఆగిపోతుంది, అదీ అన్నిసార్లూ కాదు. రెండు, హారను బొంగురుపోయింది, ఇండికేటరు వెలిగి అలాగే ఉండిపోతుంది. మూడు, నెలకో హెడ్‌లైట్ బల్బు మాడిపోతోంది. పైగా తొందర కూడా ఉంది. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి కదా. 2014లో ఒకసారి, 2019లో ఒకసారి అయింది, ఈ ఆగస్టుతో మళ్ళీ గడువు. లైట్లు, హారను, ఇండికేటర్లు పనిచేయకుండా బండిని ఇన్‌స్పెక్టరు ముందు పెడితే వెనక్కి పంపిస్తారు. ఆయన టెన్షన్ అంతా అదే.

ముందు బండి ఆగిపోవడం చూద్దామనుకున్నాను. సెంటర్ స్టాండ్ వేసి కిక్కు కొడితే రెండో కిక్కుకి స్టార్టయింది. హ్యాండిలు ఎడమకి తిప్పాను, ఏమీ కాలేదు. కుడికి చివరిదాకా తిప్పాను, గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. ఆగే తీరు గమనించాలి. పెట్రోలు అందక ఆగే ఇంజను నాలుగుసార్లు దగ్గి, గునిసి ఆగుతుంది. ఇది తాళం తీసినట్టే ఆగింది.

ఆ మాట ఊరికే అనలేదు. ఆ కాలపు స్ప్లెండర్‌లో స్పార్కుకి బ్యాటరీతో పనిలేదు. ఇంజనుతో పాటు తిరిగి కరెంటు పుట్టించే మాగ్నెట్ లోపలి కాయిలు నుంచి నలుపు మీద ఎర్ర గీత ఉన్న వైరు సీడీఐకి కరెంటు తెస్తుంది. నీలం మీద పసుపు గీత వైరు పికప్ కాయిలు నుంచి 'ఇప్పుడు కొట్టు' అని చెబుతుంది. నలుపు మీద పసుపు గీత వైరు హెచ్‌టీ కాయిలుకి పోతుంది. నాలుగోది ఆకుపచ్చ, అంటే ఎర్తు, కరెంటు ఛాసీ (బండి ఫ్రేము) మీదుగా తిరిగిపోయే దారి. ఐదోది నలుపు మీద తెల్ల గీత, ఇంజను ఆపే వైరు. తాళం ఆఫ్ చేస్తే ఈ నలుపు-తెలుపు వైరును స్విచ్చి ఆకుపచ్చతో కలిపేస్తుంది. సీడీఐ కరెంటంతా ఎర్తులోకి పోయి స్పార్కు ఆగుతుంది. తాళంతో పనిలేకుండా ఆ వైరు ఎక్కడ ఛాసీకి తగిలినా ఇంజనుకి ఒకటే. తాళం తీశారనే అనుకుంటుంది.

అందుకని సీడీఐ కప్లర్‌లోంచి, అంటే వైర్లను కలిపే ప్లాస్టిక్ సాకెట్‌లోంచి, నలుపు-తెలుపు పిన్ను ఒక్కటే బయటికి లాగాను. మళ్ళీ కిక్కు కొట్టి హ్యాండిలు కుడికి తిప్పాను, ఎడమకి తిప్పాను, ఊపాను. ఇంజను తిరుగుతూనే ఉంది. ఆ సంచిలో ఉన్న సీడీఐలు, కాయిలు, ప్లగ్గులు ఏ పాపం ఎరగవని ఒక్క నిమిషంలో తేలిపోయింది. ఈ పరీక్ష మీరు చేస్తే ఒకటి గుర్తుంచుకోండి. ఆ పిన్ను తీశాక తాళం తిప్పినా ఇంజను ఆగదు. టాప్ గేరు వేసి, బ్రేకు తొక్కి పట్టి, క్లచ్చి మెల్లగా వదిలితే ఆగుతుంది. మా కుర్రాడు మొదటిసారి చూసినప్పుడు బండికి పిచ్చి పట్టిందని బెదిరిపోయాడు.

ట్యాంకు దించి, హెడ్‌లైట్ డూము విప్పి మెడ దగ్గర చూశాను. ఫ్రేము మెడ పక్కన వైర్ల కట్టను ఎవరో ప్లాస్టిక్ ట్యాగుతో బిగించి కట్టారు. చూడ్డానికి నీటుగా ఉంది. హ్యాండిలు తిరిగినప్పుడు సాగడానికి మాత్రం కట్టలో వదులే లేదు. కుడికి తిప్పిన ప్రతిసారీ కట్ట బిగుసుకుని ఫ్రేము అంచు మీద రాసుకుంటోంది. టేపు కోసి చూస్తే నలుపు-తెలుపు వైరు మీద బియ్యపు గింజంత మేర తొడుగు లేదు. రాగి కొత్త పైసాలా మెరుస్తోంది. రోజూ రాసుకుంటేనే అలా మెరుస్తుంది. పక్కనున్న ఎర్ర వైరు, అంటే బ్యాటరీ ప్లస్ వైరు, తొడుగు కూడా గట్టిపడి, వంచితే పగుళ్ళిస్తోంది. అదే గనక ముందు అరిగి ఉంటే బండి ఆగడంతో సరిపోయేది కాదు, పొగొచ్చేది.

మెడ దగ్గర జాయింటు వెయ్యకూడదన్నది నా పట్టుదల. వైరు కదిలే చోట సోల్డరింగ్ వేస్తే, సీసం వైరు లోపలికి పాకి ఒక గట్టి పుల్లలా తయారవుతుంది. ఆ పుల్ల ఆగిన చోట ఆరు నెలల్లో తెగుతుంది. అందుకని డూము లోపలి నుంచి ట్యాంకు కింది దాకా నాలుగు వైర్లు నిలువునా కొత్తవి లాగాను. గీతలున్న రంగులు చిల్లరగా దొరకవు కాబట్టి మామూలు 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు తీసుకుని, రెండు చివర్లా పాత రంగు స్లీవు ముక్కలు తొడిగాను. తర్వాత ఎవరు విప్పినా తికమక పడకూడదు. హ్యాండిలు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి చూసి, కుడి చివరలో కూడా వేలు దూరేంత వదులుంచి కట్టాను.

హారను బొంగురుకి కారణం బ్యాటరీ దగ్గరే దొరికింది. మునిగిన రెండు రోజులూ బ్యాటరీ వైర్లు తీయలేదు. నీళ్ళలో కరెంటున్న ఎర్ర పిన్ను కరిగి సూదిలా మిగిలింది. ఫ్యూజు హోల్డరులో ఫ్యూజు లేదు, రాగి పోగు చుట్టి ఉంది. కొత్త హోల్డరు వేస్తూ ఎన్ని ఆంపుల ఫ్యూజు వెయ్యాలో అయ్యవారికే లెక్క ఇచ్చాను. హెడ్‌లైటూ వెనక చిన్న లైటూ నేరుగా మాగ్నెట్ కరెంటు మీద నడుస్తాయి, అవి లెక్కలోకి రావు. బ్రేకు లైటు 21 వాట్లు, ఒక పక్క ఇండికేటర్లు రెండూ కలిపి 20 వాట్లు, హారనుకి సుమారు 2 ఆంపులు. "నలభై ఒకటిని పన్నెండుతో భాగిస్తే మూడున్నరకి కాస్త తక్కువ, దానికి రెండు... ఐదున్నర లోపే" అన్నారు. 7 ఆంపులది వేశాను. హారను గొంతు తిరిగొచ్చింది, ఇండికేటరు కొట్టుకుంది.

మిగిలింది బల్బు. ఇక్కడ నేను తప్పు చేశాను.

బల్బులు వరసగా మాడుతున్నాయంటే, వోల్టేజి హద్దు దాటకుండా ఆపే రెగ్యులేటరు మీద అనుమానం రావాలి, వచ్చింది కూడా. దాని నాలుగు వైర్లు తెలుపు, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. తెలుపు చార్జింగ్ కాయిలు నుంచి, పసుపు లైటింగ్ కాయిలు నుంచి వస్తాయి. ఎరుపు బ్యాటరీకి, ఆకుపచ్చ ఎర్తుకి పోతాయి. మల్టీమీటరును దారి ఉంటే కూసే బీప్ మీద పెట్టి, ఒక కొన రెగ్యులేటరు ఆకుపచ్చ పిన్నుకి, ఇంకో కొన బ్యాటరీ మైనస్‌కి తగిలించాను. కూసింది. ఎర్తు ఉందని రాసుకున్నాను. ఛాసీకి బిగించే ఎర్తు బోల్టు విప్పి, చిలుము గీకి బిగించాను. అయ్యవారి సంచిలో ఉన్న బల్బులు చూస్తే ఊరూపేరూ లేని రకం, తప్పు బల్బులదే అనుకున్నాను. మంచి 35 వాట్ల బల్బు వేసి పంపించాను.

తొమ్మిదో రోజు అయ్యవారు వచ్చారు. కోపంగా లేరు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. మాడిన బల్బును కాగితంలో పొట్లం కట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "బండి ఆగడం పోయింది నాయనా. ఇది మాత్రం నీ బల్బే."

ఈసారి ఇంజను నడుపుతూ కొలిచాను. మొదటిసారే చెయ్యాల్సిన పని. హెడ్‌లైట్ సాకెట్ దగ్గర మీటరు ఏసీ మీద పెట్టి మెల్లగా యాక్సిలరేటరు ఇచ్చాను. ఐడిలింగులో 9 చూపించింది. కాస్త పెంచగానే 15, ఇంకాస్త పెంచితే 19 దాటి పైకి పోతోంది. 12 వోల్టుల బల్బు బతకదు. రెగ్యులేటరు పోయిందా అని షెడ్డులో ఉన్న ఒక మంచి రెగ్యులేటరు పెట్టి చూశాను. మళ్ళీ 19. అంటే రెగ్యులేటరు బాగానే ఉంది, దాని ఎర్తే బాగా లేదు. కానీ మీటరు కూసింది కదా?

అప్పుడు బుద్ధిగా లోడు పెట్టి, అంటే నిజంగా కరెంటు లాగే బల్బు తగిలించి చూశాను. నా దగ్గర రెండు వైర్లు సోల్డర్ చేసిన 21 వాట్ల బ్రేకు బల్బు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఒక వైరు ఫ్యూజు మీదుగా బ్యాటరీ ప్లస్‌కి, రెండోది కప్లర్‌లోని ఆకుపచ్చ పిన్నుకి పెట్టాను. బల్బు వెలిగింది, కానీ జ్వరం వచ్చినట్టు ఎర్రగా. ఆ ఆకుపచ్చ పిన్నుకి, బ్యాటరీ మైనస్‌కి మధ్య డీసీ వోల్టులు కొలిస్తే 3.9. ఎర్తు సరిగ్గా ఉంటే అక్కడ సున్నాకి దగ్గరగా ఉండాలి, 0.2 దాటకూడదు. బల్బుకి చేరాల్సిన దాంట్లో దాదాపు నాలుగు వోల్టులు దారిలోనే పోతున్నాయి. లెక్క వేస్తే ఆ దారిలో సుమారు 3 ఓముల అడ్డు ఉన్నట్టు.

మూడు ఓములకి మీటరు కూస్తుంది. నా మీటరైతే 40 ఓముల లోపు ఏదున్నా కూస్తుంది. బీప్ మీద పెట్టినప్పుడు అది పంపే కరెంటు మిల్లీ ఆంపుల్లోనే. చీమ దాటిన వంతెన మీద ఎద్దుల బండి కూడా దాటుతుందని నమ్మినట్టు నమ్మాను.

అయ్యవారు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు, "ఆ మూడు ఓములకి బల్బెందుకు మాడాలి?" అని అడిగారు. మాగ్నెట్ ఎంత వేగంగా తిరిగితే వోల్టేజి అంత పెరుగుతుంది. పెరిగిన మిగులును రెగ్యులేటరు పసుపు వైరు నుంచి ఎర్తులోకి దింపుతుంది. దింపే దారిలో అడ్డు ఉంటే, ఆ అడ్డు మీద పడే వోల్టులు కూడా బల్బు నెత్తికే వస్తాయి. "ఒక 3 ఆంపులు దింపాలనుకోండి సార్..." అనేలోపే, "మూడు మూళ్ళు తొమ్మిది" అన్నారు. పదమూడు ఉండాల్సిన చోట ఇరవై పైచిలుకు. నాలుగు బల్బులు, నాది కలిపితే ఐదు.

ఇక కట్ట విప్పక తప్పలేదు. రెగ్యులేటరు నుంచి ట్యాంకు కింది వరకు టేపు తీస్తుంటే లోపల ఇంకా తడి. డిసెంబరులో దూరిన నీళ్ళు, మధ్యలో మద్రాసు మార్చి, ఏప్రిల్ ఎండలు కాసినా ఆరలేదు, ఎందుకంటే ఆ కొత్త టేపు వాటిని బయటికి పోనివ్వలేదు. బురద వాసన అలాగే ఉంది. ఒక చోట పాత టేపు కింద ఆకుపచ్చ వైర్లన్నీ కలిసే జాయింటు బయటపడింది. ఐదు వైర్ల కొనలు ఒక చిన్న ఇత్తడి క్లిప్పులో నొక్కి ఉన్నాయి. క్లిప్పు కనపడలేదు, దాని మీద నెమలికంఠం రంగు పొడి ముద్దగా కట్టింది. రెగ్యులేటరు వైరును రెండు వేళ్ళతో పట్టుకుని కాస్త లాగితే, వదులైన పాలపన్ను ఊడినట్టు చేతిలోకి వచ్చేసింది. వైరు తెగలేదు. రాగికీ ఇత్తడికీ మధ్య చిలుము పొర ఒకటి, దాని మీదుగానే బీప్ నడిచింది.

క్లిప్పు తీసేసి ఒక్కో వైరు కొన కోశాను. లోపల రాగి బొగ్గులా నల్లగా ఉంది. నల్లబడ్డ రాగికి సీసం అంటుకోదు, ముత్యాల్లా జారిపోతుంది. లగ్గు (వైరు కొనకి బిగించే లోహపు ముక్క) నొక్కినా పట్టు దొరకదు. రాగి మెరిసేదాకా కోసుకుంటూ పోవడమే దారి. నీళ్ళు వైరు తొడుగు లోపల ఒత్తిలో నూనె పాకినట్టు పాకుతాయి. నాలుగు వైర్లకి రెండేసి అంగుళాలతో సరిపోయింది, రెగ్యులేటరు వైరుకి మాత్రం జానెడు కోశాక గానీ ఎర్రటి రాగి కనపడలేదు. పొట్టివైన వాటికి కొత్త ముక్కలు కలిపాను. ఐదింటినీ ఒక్క చోట నొక్కకుండా రెండు లగ్గులుగా చేశాను. ఇది కదలని చోటు కాబట్టి నొక్కాక సోల్డర్ కూడా వేసి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవు తొడిగాను. దానికి తోడు రెగ్యులేటరు ఆకుపచ్చకి విడిగా ఇంకో వైరు వేసి నేరుగా ఛాసీ బోల్టుకి దించాను. కంపెనీ వైరింగులో అది లేదు. అయినా పాతికేళ్ళ బండికి ఎర్తు ఎంత ఎక్కువున్నా నష్టం లేదు.

కప్లర్ల పిన్నులన్నీ విప్పి శుభ్రం చేయడానికి ఒక సాయంత్రం పట్టింది. చింతపండుతో తోమనా అని మా కుర్రాడు అడిగాడు. ఇత్తడి బిందెకైతే పని చేస్తుంది, పిన్నుల్లో పులుపు మిగిలితే మళ్ళీ అదే చిలుము. కాంటాక్టు క్లీనరు, చిన్న బ్రష్షు, ఆ తర్వాత పల్చగా గ్రీసు. రెండు కప్లర్లు కాలి ఉన్నాయి. వాటి కోసం పుదుప్పేట వెళ్ళి, విడదీసిన అదే మోడల్ బండి వైరింగులోంచి కోయించుకుని తెచ్చాను.

మధ్యలో అయ్యవారు అడిగారు, ఇంత తంటా ఎందుకు, కొత్త వైరింగ్ కిట్టే వేసేయకూడదా అని. నిజమే, జీపీ రోడ్డుకి పోతే దొరుకుతుంది, పూటలో పనైపోతుంది. మెకానిక్కులు చాలామంది అదే చేస్తారు, తప్పు పట్టను. కానీ నేను చూసిన డూప్లికేట్ కిట్లలో రాగి సన్నం, పిన్నులు పల్చన, ఆకుపచ్చ జాయింటు అదే చోట అదే టేపు కింద. షార్టయి కట్ట పొడవునా వైర్లు ఒకదానికొకటి కరిగి అతుక్కుపోతే కిట్టు మార్చడమే మేలు, ఆలోచించను కూడా. ఇక్కడ పాడైనవి నాలుగు చోట్లు. మిగతా వైరంతా వంచితే మెత్తగా వంగుతోంది, ఎక్కడ కోసినా రాగి ఎర్రగానే ఉంది.

మూసేటప్పుడు జిగురు టేపు వాడలేదు. వదులుగా ఉండే నల్ల పీవీసీ స్లీవు తొడిగి, కిందికి వాలే చోట స్లీవుకి చిన్న గాటు పెట్టాను. నీళ్ళు దూరకుండా ఆపడం మన వల్ల కాదు, ముఖ్యంగా వేళచ్చేరిలో. దూరినవి కారిపోవడానికి దారి ఉంటే చాలు.

తర్వాత కొలతలు. అదే 21 వాట్ల బల్బు లోడు మీద ఎర్తు దారిలో 0.08 వోల్టులు. హెడ్‌లైట్ దగ్గర ఇంజనును ఎంత రేజ్ చేసినా 13 చుట్టుపక్కలే. బ్యాటరీ దగ్గర యాక్సిలరేటరు ఇస్తే 14కి కాస్త అటూ ఇటూ. హ్యాండిలు ఎటు తిప్పినా ఇంజను ఆగడం లేదు, తాళం తిప్పితే ఆగుతోంది.

రెండో రాకకి కూలి తీసుకోలేదు. మొదటిసారి నేను పది నిమిషాలు లోడు పెట్టి చూసి ఉంటే ఆయన రెండోసారి రావాల్సిన పనే లేదు. కప్లర్లు, స్లీవు, వైరుకి మాత్రం డబ్బులిచ్చారు. సంచిలోని సీడీఐల్లో ఒకటి సీటు కింద పెట్టుకోమన్నాను, రెండోది నేను కొన్నాను. పరీక్ష పెట్టడానికి మంచి సీడీఐ షెడ్డులో ఒకటి ఉండాలి కదా. జూలైలో ఆర్‌సీ పని అయిపోయిందని ఫోను చేశారు. బల్బు అదే ఉంది.

న్యూట్రల్ లైటు మాత్రం వెలగడం లేదు. వైరు చివరిదాకా చూశాను, బాగానే ఉంది, ఇంజను దగ్గరి స్విచ్చే పోయింది. మార్చమంటారా అని అడిగితే, "న్యూట్రల్‌లో ఉందో లేదో నా కాలికి తెలుసులే నాయనా" అన్నారు. అయినా స్విచ్చి తెచ్చి సొరుగులో పెట్టాను. అది విప్పితే ఆయిలు కారుతుంది, ఈసారి ఆయిలు మార్చడానికి వచ్చినప్పుడు వేస్తాను.